రక్తపు బొట్టులో చదివిన దారిద్ర్యం

ఢిల్లీ నగరంలో అన్సారీ నగర్ ప్రాంతానికి వెళ్లిన తెలుగువారు సాధారణంగా రోగులను వెంటబెట్టుకుని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ గుమ్మం ఎక్కడానికే వెళతారు. ఆ పక్కనే భారత వైద్య పరిశోధనా మండలి ప్రధాన కార్యాలయం ఉన్నదనీ, ఆ భవనానికి శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి పేరు పెట్టారనీ తెలిసినవారు కొద్దిమందే. గర్భిణుల రక్తహీనత గురించి పార్లమెంటులో ప్రశ్న వచ్చినప్పుడల్లా ప్రభుత్వం ఏవో కొన్ని శాతాలు చెబుతుంది, ప్రతిపక్షం మరికొన్ని శాతాలు చెబుతుంది, చర్చ అంతటితో ముగుస్తుంది. 2015-16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 50.4 శాతం గర్భిణులు రక్తహీనులని తేలింది. 2019-21 నాటి అయిదవ సర్వేలో ఆ సంఖ్య తగ్గకపోగా 52.2 శాతానికి పెరిగింది. ఈ సంఖ్యల వెనుక ఉన్న శాస్త్రం ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతిలో పెరిగిందో అడిగేవారు కనిపించరు. అది పుట్టింది లండన్‌లోనో న్యూయార్క్‌లోనో కాదు. బొంబాయిలోని పరేల్ మిల్లు వాడలో, పేద కూలి స్త్రీల రక్తపు బొట్టులో. దానిని చదివిన వ్యక్తి లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు.

ఆమె మరణించి ఆరు దశాబ్దాలు దాటింది. వైద్య గ్రంథాలలో ఆమె పేరు నిలిచే ఉన్నది. 2019 మే 10న ఆమె 131వ జయంతి సందర్భంగా గూగుల్ సంస్థ తన ముఖపత్రం మీద ఆమె బొమ్మ వేసినప్పుడు ప్రపంచమంతటా కోట్లాది మంది ఆ పేరు చదివారు. మరునాడు మరచిపోయారు. కానీ ఆమె జీవితంలో మన దేశానికి, అందులోనూ తెలుగువారికి సంబంధించిన అధ్యాయం ఒక్కరోజు బొమ్మతో తీరిపోయేది కాదు.

కొడవళ్ల కుటుంబం నుంచి కేంబ్రిడ్జికి

లూసీ విల్స్ 1888 మే 10న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ సమీపాన సట్టన్ కోల్డ్‌ఫీల్డ్‌లో జన్మించారు. కొడవళ్లు మొదలైన పదును పనిముట్లు తయారుచేసే కర్మాగారం ఆ కుటుంబానిది. తండ్రి విజ్ఞానశాస్త్రంలో పట్టభద్రుడు. తల్లి ఒక ప్రసిద్ధ వైద్యుని కుమార్తె. సోదరుడు లియోనార్డ్ తరువాత పేరుపొందిన భూగర్భ శాస్త్రజ్ఞుడయ్యాడు. చెట్టుచేమలను, రాళ్లను పరిశీలించే అలవాటు ఆ ఇంట్లో అందరికీ ఉండేది. లూసీకి కూడా అదే అబ్బింది.

బాలికలకు విజ్ఞానశాస్త్రం నేర్పే పాఠశాలలు అరుదుగా ఉన్న ఆ రోజుల్లో ఆమె చెల్టెన్‌హామ్ లేడీస్ కాలేజీలో చదివి, 1907లో కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కళాశాలలో చేరారు. వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం ఆమె అభిమాన విషయాలు. 1911 నాటికి పరీక్షలన్నీ ఉత్తీర్ణులయ్యారు. కానీ పట్టా చేతికి రాలేదు. కారణం ఆమె స్త్రీ కావడమే. స్త్రీలు పాఠాలు వినవచ్చు, పరీక్షలు రాయవచ్చు, పురుషులను మించి మార్కులు తెచ్చుకోవచ్చు. పట్టా మాత్రం ఇవ్వబోమన్నది కేంబ్రిడ్జి నాటి నియమం. ఆ విశ్వవిద్యాలయం స్త్రీలకు పూర్తి పట్టాలివ్వడానికి 1948 వరకు ఆగింది. ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లుగా చెప్పుకునే దేశంలో పరిస్థితి అదీ.

1911లో తండ్రి, 1913లో అక్క ఎడిత్ మరణించడంతో ఆ ఇల్లు కుంగిపోయింది. లూసీ తల్లితో కలిసి సింహళానికి ప్రయాణించారు. తరువాత 1914లో సోదరునితోను, చిరకాల స్నేహితురాలు మార్గట్ హ్యూమ్‌తోను దక్షిణాఫ్రికా వెళ్లారు. ముందేమి చేయాలో అప్పటికి ఆమెకు తెలియదు. ఫ్రాయిడ్ గ్రంథాలు చదివి మనస్తత్వ శాస్త్రం వైపు కొంత మొగ్గారని చెబుతారు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. కేప్‌టౌన్ ఆసుపత్రిలో కొన్ని వారాలు స్వచ్ఛందంగా నర్సు పని చేశారు. ఆ తరువాత ఇంగ్లండుకు తిరిగివచ్చి, 1915 జనవరిలో లండన్ మహిళా వైద్య కళాశాలలో విద్యార్థినిగా చేరారు. 1920లో, 32 ఏళ్ల వయస్సులో, వైద్య పట్టా పొందారు. భారతదేశంలో పనిచేయదలచిన స్త్రీ వైద్యులను తయారుచేయడంలో ఆ కళాశాలకు దీర్ఘమైన చరిత్ర ఉన్నది. ప్రసూతి వైద్యంలో పేరుగాంచిన మన డాక్టర్ జెరూషా జిరాద్ కూడా ఆ సంవత్సరాల్లోనే అక్కడ చదివారు.

పట్టా పొందిన లూసీ ప్రాక్టీసు పెట్టలేదు. ధనార్జన ఆమె ధ్యేయం కాదు. రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో గర్భిణుల రోగనిదాన విభాగంలో చేరి, గర్భం ధరించిన స్త్రీ శరీరంలో జరిగే రసాయనిక మార్పుల మీద పరిశోధన ప్రారంభించారు. రోగి మంచం దగ్గర కంటే గాజు పలక, సూక్ష్మదర్శిని దగ్గర గడిపిన సమయమే ఎక్కువ. వృక్షశాస్త్రంలో అలవడిన నిశిత పరిశీలన ఇక్కడ ఆమెకు అక్కరకు వచ్చింది.

సమ్మెల నగరంలో

1928లో ఆమెకు భారతదేశం నుంచి పిలుపు వచ్చింది. భారత పరిశోధనా నిధి సంఘం ఆనాడు ప్రసూతి మరణాల మీద విచారణ జరిపిస్తున్నది. 1911లో స్థాపితమైన ఈ సంఘమే స్వాతంత్ర్యానంతరం 1949లో భారత వైద్య పరిశోధనా మండలిగా మారింది. ఆ విచారణలో ముఖ్యురాలు డాక్టర్ మార్గరెట్ బాల్ఫోర్, మహిళా వైద్య సర్వీసులో దీర్ఘకాలం పనిచేసిన స్కాటిష్ వైద్యురాలు. బొంబాయిలో గర్భిణులు ఒక విచిత్రమైన రక్తహీనతతో మరణిస్తున్నారనీ, ముఖ్యంగా బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలలో అది తీవ్రంగా కనిపిస్తున్నదనీ, దాని కారణం కనుగొనాలనీ ఆమె లూసీని కోరారు.

అది ఎటువంటి సంవత్సరమో మన రాజకీయ చరిత్ర తెలిసిన పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. 1928 ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు బొంబాయి బట్టల మిల్లులు మూతపడ్డాయి. లక్షన్నర మంది కార్మికులు ఆరు నెలలపాటు సమ్మె చేశారు. గిర్నీ కామ్‌గార్ యూనియన్ పుట్టింది. మరుసటి సంవత్సరం మార్చిలో మీరట్ కుట్ర కేసు వచ్చింది. 1930లో ఉప్పు సత్యాగ్రహం బొంబాయి వీధులను ముంచెత్తింది. నగరం ఇలా ఉడికిపోతున్న రోజుల్లో, మిల్లు గొట్టాల నీడలో పరేల్‌లో ఉన్న హాఫ్‌కిన్ సంస్థలో కూర్చుని ఆ కార్మిక కుటుంబాల రక్తాన్ని లూసీ పరీక్షిస్తున్నారు. బయట నినాదాలలో వినిపిస్తున్న ఆకలే లోపల గాజు పలక మీద కనిపిస్తున్నదని ఆమెకు అర్థం కావడానికి ఎంతోకాలం పట్టలేదు.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోక తప్పదు. రక్తహీనతలన్నీ ఒకటి కావు. ఇనుము చాలకపోతే ఎర్రకణాలు చిన్నవై పాలిపోతాయి. బొంబాయి స్త్రీలలో చాలామందికి అలా కాదు. వారి ఎర్రకణాల సంఖ్య దారుణంగా పడిపోయింది. మిగిలిన కణాలు మాత్రం మామూలు కంటే పెద్దవిగా ఉన్నాయి. చూపుకి ఇది ఆడిసన్ వర్ణించిన ప్రాణాంతక రక్తహీనతను పోలి ఉన్నది. దానికి 1926లో అమెరికాలో మైనాట్, మర్ఫీ అనే వైద్యులు కాలేయాహారంతో చికిత్స కనుగొన్నారు. ఆ పరిశోధనకు తరువాత 1934లో నోబెల్ బహుమానం వచ్చింది. కానీ బొంబాయి స్త్రీలు పడుచువారు. నరాల దౌర్బల్యం వారిలో కనిపించలేదు. కాన్పు గండం గడిచి బయటపడిన వారిలో కొందరు క్రమంగా కోలుకునేవారు కూడా. కనుక ఇది ఆ రోగం కాదు, దాని సవతి సోదరి.

అయితే కారణమేమిటి? క్రిమి దోషమా? ప్రేగుల్లో ఏదైనా సూక్ష్మజీవి విషం ఉత్పత్తి చేస్తున్నదా? ఆనాటి వైద్యులలో చాలామంది ఇలాగే ఆలోచించేవారు. లూసీ రోగుల మలాన్ని, రక్తాన్ని పరీక్షించి ఆ వాదానికి ఆధారం లేదని తేల్చారు. ఆ తరువాత ఆమె చేసిన పని విశేషమైనది. ప్రయోగశాల విడిచి ఆ స్త్రీలు ఏమి తింటున్నారో, ఎలాంటి గదుల్లో ఉంటున్నారో తెలుసుకోవడానికి పూనుకున్నారు. డాక్టర్ తల్పడేతో కలిసి బొంబాయి స్త్రీల ఆహార, ఆరోగ్య పరిస్థితుల మీద జరిపిన సర్వే 1930లో భారత వైద్య పరిశోధన పత్రికలో ప్రచురితమైంది. భిన్న మతాల, భిన్న ఆదాయాల స్త్రీల భోజనాన్ని పోల్చి చూస్తే ఒక్క విషయం స్పష్టమైంది. ఆకుకూరలు, పండ్లు, పాలు, మాంసకృత్తులు ఎవరి కంచంలో తక్కువో వారిలోనే ఈ రోగం ఎక్కువ. ఘోషాలో మగ్గే పేద ముస్లిం స్త్రీల భోజనం అన్నిటికంటె హీనంగా ఉన్నది. రోగానికి మతం లేదు, పేదరికం మాత్రం ఉన్నది.

ఎలుకలు, కోతులు, ఒక గాజు సీసా

అనుమానం వేరు, రుజువు వేరు. బొంబాయి పేద స్త్రీల భోజనాన్నే లూసీ తెల్ల ఎలుకలకు పెట్టారు. గర్భంతో ఉన్న ఎలుకలు రక్తహీనతకు లోనై, ఈనకముందే చనిపోసాగాయి. ఆ ఆహారంలో ఈస్టు కలిపితే రోగం రాలేదు. దారి దొరికినట్లే అనిపించింది. కానీ ఎలుకలకు పట్టిన పేల ద్వారా వ్యాపించే బార్టొనెల్లా అనే సూక్ష్మజీవి కూడా రక్తహీనత కలిగిస్తుందని తేలడంతో ఆ ఫలితాల మీద నీడ పడింది. మరొకరైతే ఆ చిక్కును పైకి చెప్పక దాటవేసి ఉండేవారేమో. లూసీ మాత్రం కోతులతో పరిశోధన మళ్లీ మొదటి నుంచి ప్రారంభించారు. పోషకాలు లోపించిన ఆహారం మీద ఉంచిన కోతులకు సరిగ్గా ఆ స్త్రీలకు వచ్చిన రక్తహీనతే వచ్చింది.

ఈ దశలో ఉపయోగపడిన వస్తువు మార్మైట్. బీరు తయారీలో మిగిలిపోయే ఈస్టు నుంచి తీసిన నల్లని చిక్కని లేహ్యం అది. ఇంగ్లండులో రొట్టె మీద పూసుకుని తింటారు. ఖరీదు బహుస్వల్పం. ఆ లేహ్యం పెట్టిన కోతులు తేరుకున్నాయి. రోగులకు పెట్టారు. మూలుగ మేలుకొని కొత్త రక్తం తయారుచేయడం మొదలుపెడితే ముందుగా లేత ఎర్రకణాలు గుంపుగా రక్తంలోకి వస్తాయి. రోజూ రక్తం తీసి ఆ లేత కణాలను లెక్కబెడితే మందు పనిచేస్తున్నదో లేదో కొద్దిరోజుల్లోనే తెలిసిపోతుంది. లూసీ గాజు పలకల మీద ఆ లేత కణాలు వెల్లువలా కనిపించాయి. చావు అంచున ఉన్న గర్భిణులు లేచి కూర్చున్నారు. 1931 జూన్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ వార్త వెలువడింది.

నాటి వైద్యంలో కాలేయం నుంచి తీసిన మందు ఖరీదైనది. పైగా శాకాహారుల ఇళ్లలో దానిని తినిపించడం అంత తేలిక కాదు. అణాలతో దొరికే ఈస్టు లేహ్యం అదే పని చేయడం పేద దేశానికి ఎంత పెద్ద వరమో ఊహించవచ్చు. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ముడి కాలేయ రసం బొంబాయి రోగులకు పనిచేసింది. బాగా శుద్ధిచేసిన కాలేయ రసం ప్రాణాంతక రక్తహీనతకు పనిచేస్తుంది, వీరికి మాత్రం పనిచేయలేదు. అంటే కాలేయంలో ఒకటి కాదు, రెండు వేర్వేరు పదార్థాలు ఉండి తీరాలి. శుద్ధిచేసే క్రమంలో ఒకటి తొలగిపోతున్నది. ఆ తొలగిపోయిన దానిలోనే బొంబాయి స్త్రీల ప్రాణం ఉన్నది. 1937లో ఇద్దరు సహచరులతో కలిసి లూసీ ఈ నిర్ధారణను ప్రకటించారు. పేరు తెలియని ఆ పదార్థాన్ని లోకం విల్స్ పదార్థమని పిలిచింది.

బొంబాయి ఒక్కటే ఆమె కార్యరంగం కాదు. 1929 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నీలగిరులలో కూనూరులోని పాశ్చర్ సంస్థలో పనిచేశారు. రాబర్ట్ మెకారిసన్ అక్కడ పోషకాహార పరిశోధనలకు అధిపతి. ఒకే గదిలో మొదలైన ఆ పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో నేడు మనం చూసే జాతీయ పోషకాహార సంస్థ అదే. 1931 మొదట్లో ఆమె మద్రాసులోని గోషా ఆసుపత్రిలో పనిచేశారు. అప్పటికి ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలో అంతర్భాగమని పాఠకులు ఎరుగుదురు. 1933లో లండన్‌కు తిరిగివెళ్లి రాయల్ ఫ్రీలో స్థిరపడినా, 1937-38 చలికాలంలో మరోసారి పది వారాలు బొంబాయి వచ్చి పనిచేశారు. ఆ ప్రయాణంలో కరాచీ వరకు విమానంలో వచ్చారు. అదే ఆమె మొదటి విమానయానం.

భీమవరం నుంచి వచ్చిన రెండో చెయ్యి

విల్స్ పదార్థం ఏమిటో లూసీ ప్రయోగశాలలో తేలలేదు. ఆ ముడి విప్పడానికి మరో పదేళ్లు, మరో ఖండం కావలసి వచ్చింది. 1941లో అమెరికాలోని టెక్సాస్‌లో టన్నుల కొద్దీ పాలకూర నుంచి చిటికెడు పదార్థం వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట ఆధారంగా దానికి ఫోలిక్ ఆమ్లమని నామకరణం చేశారు. ఆ తరువాత న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో దాని నిర్మాణం తెలుసుకుని, 1945లో కృత్రిమంగా తయారుచేశారు. ఆ పరిశోధనా బృందానికి సారథి మన ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఇక్కడ విధి కూర్చిన సంయోగం ఆలోచించదగినది. 1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావు యువకుడుగా ఉండగా ఇద్దరు సోదరులను కొద్దిరోజుల వ్యవధిలో గ్రహణి వ్యాధి బలిగొన్నది. ప్రేగులు పోషకాలను గ్రహించలేక మనిషి కృశించి రక్తహీనుడయ్యే జబ్బు అది. ఆ బాధను గుండెలో పెట్టుకునే ఆయన మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరారు. హార్వర్డులో కీర్తికి తగిన పదవి దక్కక, 1940లో లెడర్లీలో చేరారు. ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లమే గ్రహణి వ్యాధికి మందు అయింది. బొంబాయి గర్భిణుల రక్తంలో ఆంగ్ల వైద్యురాలు గుర్తించిన లోటును పూడ్చే పదార్థాన్ని, సోదరులను పోగొట్టుకున్న తెలుగు శాస్త్రజ్ఞుని బృందం సీసాల్లో నింపి ప్రపంచానికి ఇచ్చింది. ఇద్దరికీ నోబెల్ బహుమానం రాలేదు. ఇద్దరూ దాని కోసం వెంపరలాడినవారు కూడా కారు. సుబ్బారావు 1948లో 53 ఏళ్లకే మరణించారు.

ఆ పదార్థం లోపిస్తే కణాలు ఎందుకు పెద్దవవుతాయో నేడు మనకు తెలుసు. కణం రెండుగా చీలాలంటే ముందు దాని వంశసూత్ర పదార్థం రెట్టింపు కావాలి. దానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. అది లేకపోతే కణం ఉబ్బుతుంది గాని చీలలేదు. గర్భంలో శిశువు క్షణక్షణం పెరుగుతూ ఉండగా తల్లికి ఆ అవసరం మరింత హెచ్చుతుంది. తల్లి రక్తమే కాదు, బిడ్డ వెన్నుపాము కూడా దీని మీద ఆధారపడి ఉన్నదని 1991లో ఏడు దేశాలలో జరిగిన పరీక్ష నిరూపించింది. గతంలో వెన్ను లోపంతో బిడ్డను కన్న తల్లులకు గర్భధారణకు ముందునుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, ఆ లోపం మళ్లీ వచ్చే ప్రమాదం 72 శాతం తగ్గింది. ఆ ఫలితం చూడడానికి లూసీ లేరు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆమె అత్యవసర వైద్య సర్వీసులో పనిచేశారు. 1944 జూలైలో జర్మన్ల ఎగిరే బాంబు రాయల్ ఫ్రీ ఆసుపత్రి మీద పడింది. కొద్దిరోజులు పని ఆగింది, మళ్లీ సాగింది. యుద్ధం ముగిసేనాటికి ఆమె రోగనిదాన విభాగాధిపతి. ఆ ఆసుపత్రిలో మొదటి రక్తశాస్త్ర విభాగాన్ని నెలకొల్పింది ఆమే. 1947లో ఉద్యోగ విరమణ చేశారు. కానీ విశ్రమించలేదు. జమైకా, ఫిజీ, దక్షిణాఫ్రికా తిరిగి పోషకాహారాన్ని, రక్తహీనతను పరిశీలించారు. జీవితం చివరి పదేళ్లు లండన్‌లోని చెల్సీలో లేబర్ పార్టీ తరఫున పురపాలక సభ్యురాలిగా పనిచేశారు. రక్తంలో చదివిన దారిద్ర్యానికి మందు ప్రయోగశాలలో సగమే ఉన్నదనీ, మిగిలిన సగం ప్రజాప్రతినిధులు కూర్చునే సభల్లో ఉన్నదనీ ఆమె భావించి ఉండాలి. వివాహం చేసుకోలేదు. మోటారు కార్లలో తిరిగే హోదా ఉన్నా సైకిలు మీద పనికి వెళ్లేవారు. మాటలో కొంత కరకుతనం ఉండేదట. 1964 ఏప్రిల్ 16న కన్నుమూశారు.

కంచమా, మాత్రా?

లూసీ జీవితం ఢిల్లీ రాజకీయాలకు ఎలా సంబంధిస్తుందని అడిగేవారికి సమాధానం ఉన్నది. 1970లో కేంద్ర ప్రభుత్వం జాతీయ పోషకాహార రక్తహీనతా నివారణ పథకం ప్రారంభించింది. గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు పంచడం దాని సారాంశం. 1997లో పునరుత్పత్తి, శిశు ఆరోగ్య పథకం వచ్చింది. 2013లో మరో పేరు, 2018లో రక్తహీనత లేని భారతమని మరో పేరు. పేరు మారినప్పుడల్లా వాగ్దానం పెరిగింది. కానీ 2019-21 సర్వే ప్రకారం 180 రోజులు లేదా అంతకుమించి ఈ మాత్రలు మింగిన గర్భిణులు 26 శాతమే. మాత్ర ఫ్యాక్టరీలో తయారైంది, గోడౌనుకు చేరింది. నోటికి చేరలేదు.

మాత్ర చేరని చోటికి బియ్యం చేరుతుందన్న ఆలోచనతో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ 12 విటమిను కలిపిన బియ్యాన్ని రేషన్‌లో ఇస్తామని 2021 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రకటించారు. 2024 మార్చి నాటికి ఆ బియ్యం దేశమంతటా ప్రభుత్వ పథకాలలోకి వచ్చింది. అంటే విల్స్ పదార్థం పేదవాని కంచంలోకి ఇలాగైనా వచ్చిందని సంతోషించవచ్చు. కానీ ఆమె సర్వే చెప్పినది వేరు. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు, వేరుశనగలు, పాలు కొనుక్కోగల ఆదాయం ఉన్న ఇంట ఈ రోగం రాదన్నది దాని తాత్పర్యం. 2013 ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యానికి హామీ ఇచ్చింది గాని పప్పుకు ఇవ్వలేదు. ఆకుకూర సంగతి చెప్పనే అక్కరలేదు. తిండిలో లేనిదానిని మాత్రలో పెట్టడం అవసరమే, అత్యవసరమే. కానీ మాత్ర ఇచ్చామని కంచం వంక చూడకపోవడం ఆ శాస్త్రాన్ని సగం చదివి మూసివేయడమే అవుతుంది.

కొలత గురించి మరో వివాదం నడిచింది. కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలిని సూదితో పొడిచి, వచ్చిన చుక్కను చిన్న యంత్రంలో పెట్టి చూశారు. వేలిని నొక్కినప్పుడు కణజాలపు నీరు కలిసి రక్తం పలచబడి, రోగం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుందని కొందరు శాస్త్రజ్ఞుల ఆక్షేపణ. 2016-18లో పిల్లల మీద జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో నరం నుంచి రక్తం తీసి ప్రయోగశాలలో పరీక్షించారు. దానిలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలలో రక్తహీనత 41 శాతమని వచ్చింది. అయిదేళ్ల లోపు పిల్లలలో అది 67.1 శాతమని 2019-21 నాటి వేలి చుక్క చెప్పింది. వయో పరిమితులు సరిగ్గా ఒకటి కాకపోయినా తేడా చిన్నది కాదు. తదుపరి కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి ఈ పరీక్షను తొలగించి, ఆహారాన్ని, రక్తాన్ని కలిపి పరిశీలించే వేరొక సర్వేను హైదరాబాదు పోషకాహార సంస్థకు అప్పగించారు.

మంచి కొలత కావాలనడంలో భేదాభిప్రాయం ఉండనక్కరలేదు. శాస్త్రం అడిగేదీ అదే. తన ఎలుకల ఫలితాల మీద తానే అనుమానపడిన లూసీ సైతం దీనిని ఆక్షేపించి ఉండరు. కానీ ఆమె కొలతను మార్చినప్పుడు ప్రశ్నను వదిలిపెట్టలేదు. ఎలుకలను విడిచి కోతులను తీసుకున్నారు గాని, ఆ స్త్రీలు ఎందుకు చనిపోతున్నారన్న విచారణను విడిచిపెట్టలేదు. సర్వే మారిన ప్రతిసారీ పాత సంఖ్యలతో పోల్చడానికి వీలులేకుండా పోతుంది. అప్పుడు ఏ ప్రభుత్వమైనా తన హయాంలో పరిస్థితి మెరుగైందని చెప్పుకోవచ్చు, కాదనడానికి ప్రతిపక్షానికి ఆధారం ఉండదు. కనుక కొత్త సర్వే ఫలితాలు జిల్లాల వారీగా, ఆదాయాల వారీగా, పరీక్షా పద్ధతి వివరాలతో సహా ప్రజల ముందుకు రావాలని మన పార్లమెంటు సభ్యులు పట్టుబట్టాలి. ఆ పని జరిగే సంస్థ తెలుగు గడ్డ మీద ఉన్నది కనుక మన సభ్యులకు ఆ బాధ్యత మరింత ఎక్కువ.

పిల్లల సర్వే ఇంకొక మాట కూడా చెప్పింది. కౌమార దశలో ఉన్నవారిలో 37 శాతం మందికి ఫోలిక్ ఆమ్ల లోపం ఉన్నదని ఆ రక్తపరీక్షలు తేల్చాయి. వారిలో ఉన్న బాలికలే రేపటి గర్భిణులు. పరేల్ ప్రయోగశాలలో లూసీ విల్స్ గాజు పలక మీద పెద్దవైపోయిన ఆ ఎర్రకణాలు నేటికీ మన పల్లెల్లో, మన బస్తీలలో తిరుగుతూనే ఉన్నాయన్నమాట.

ఆమెకు రక్తమిచ్చిన మిల్లు స్త్రీల పేర్లు చరిత్రకు తెలియవు. వారిలో బ్రతికినవారు కొందరు, బ్రతకనివారు కొందరు. నేడు ప్రపంచంలో ఏ దేశపు గర్భిణి ఫోలిక్ ఆమ్లపు మాత్ర మింగినా ఆ అజ్ఞాత స్త్రీలకు ఎంతోకొంత ఋణపడి ఉంటుంది. ఆ ఋణం తీర్చుకోవలసిన మొదటి దేశం మనదే. తీర్చవలసిన చోటు అన్సారీ నగర్ కార్యాలయం ఒక్కటే కాదు. నిధులు కేటాయించే ఆర్థిక మంత్రిత్వ శాఖ, వేతనాలు నిర్ణయించే శాసనసభలు, అంగన్‌వాడీ గడప కూడా.